ఇంట్లో ఎవరికీ కడుపు లేని పున్నమి

మా ఆయన ఉన్నంతకాలం ఈ సంగతి నలుగురిలో చెప్పనివ్వలేదు. నేను మొదలుపెట్టగానే "ఆ కథ ఇప్పుడెందుకులేమ్మే" అని లేచి దొడ్లోకి పోయేవాడు. ఇప్పుడాయన లేడు. ఆపేవాళ్ళు లేరు కాబట్టి చెబుతున్నాను. రాసేవాళ్ళు రాసుకోండి.

మా అత్తగారి ఊరు నెల్లూరుకు పడమర. అక్కడినుంచి సముద్రం రెండామడలు. బండి కడితే ఒక పూట ప్రయాణం. అయినా ఆ ఇంట్లో ఆడవాళ్ళెవరూ దాన్ని చూసి ఎరగరు. మా అత్తకు అప్పటికి యాభై దాటాయి, ఆమె కూడా ఎరగదు. నేనైతే ఇంకా పడమటి నుంచి, కొండల కింది ఊరి నుంచి వచ్చినదాన్ని. కొత్త పైసలు వచ్చిన ఏడాది కాపురానికి వచ్చాను. అప్పటికి నేను చూసిన పెద్ద నీళ్ళంటే మా ఊరి చెరువే.

సముద్రం మా ఇంటికి గంపలో వచ్చేది. కోడూరు పక్కన పాలెం నుంచి ఒక పట్టపామె, చేపలు పట్టేవాళ్ళ మనిషి, పక్షానికొకసారి ఎండు చేపలు తెచ్చేది. మానెడు వడ్లు పోస్తే దోసెడు నెత్తళ్ళు పెట్టేది. ఆమె గంప దులిపినప్పుడు అడుగున సన్నటి ఇసుక, గోరంత గవ్వలు రాలేవి. నేను ఆ గవ్వలు ఏరి గూట్లో పెట్టుకునేదాన్ని. ఆమె కూర్చున్నంతసేపూ అడుగుతూనే ఉండేదాన్ని.

"అక్కా, అవతలి గట్టు కనపడతాదా?"

"గట్టే ఉంటే మా మొగోళ్ళు ఆడ అంగడి పెట్టుకోరా తల్లీ!"

"మరి నీళ్ళు యాడ ఆగతాయి?"

"ఆగవు."

ఆగవు అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆగని నీళ్ళు ఉంటాయా? ఆ మాట పట్టుకుని నేను ఎన్ని రోజులు ఆలోచించానో. నాట్లు వేస్తూ ఆలోచించాను, కుడితి కలుపుతూ ఆలోచించాను.

పోవాలంటే పోవచ్చు కదా అంటారు ఈ కాలంవాళ్ళు. మా ఇళ్ళలో ఊరికే చూడ్డానికి పోవడమనేది లేదు. పెళ్ళికి పోతారు, చావుకు పోతారు, మొక్కుకు పోతారు. సముద్రానికి పోవాలంటే స్నానానికి పోవాలి. స్నానమంటే ఏ రోజు పడితే ఆ రోజు కాదు, సముద్రాన్ని పున్నమికో అమావాస్యకో తప్ప తాకకూడదు. అన్నిటికంటే పెద్ద అడ్డు ఇంకొకటి ఉంది. కడుపుతో ఉన్న ఆడమనిషి సముద్రం దగ్గరికి పోకూడదు. ఆమె మొగుడు కూడా సముద్రంలో మునగకూడదు. మునిగితే కడుపులో బిడ్డకు కీడు.

మా అత్తకు ఇద్దరు కొడుకులు. మా బావ పెద్దవాడు, మా ఆయన చిన్నవాడు. మా తోడికోడల్ని నేను అక్కా అనేదాన్ని. నేను వచ్చినప్పటినుంచి ఆరేళ్ళపాటు ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా మా ఇద్దరిలో ఎవరో ఒకరికి కడుపు. ఆమె దించితే నేను ఎత్తుకోవడం, నేను దించితే ఆమె ఎత్తుకోవడం. ఐదుగురు పిలకాయలు పుట్టారు. ప్రతి వేసవిలోనూ వరికోతలు అయిపోయి ఎద్దులు ఊరికే ఉన్నప్పుడు నేను సముద్రం మాట ఎత్తేదాన్ని. మా అత్త మా ఇద్దరి నడుముల వైపూ ఒకసారి చూసి "ఈ ఏడు కాదులే" అనేది.

ఏడో ఏడు వేసవిలో ఆ మాట మా అత్తే ఎత్తింది. అక్క చంటివాడు నడుస్తున్నాడు, నాది పాలు మానింది, ఇద్దరికీ ఏమీ లేదు. పట్టపామె గంప దించగానే మా అత్త పీట జరుపుకుని కూర్చుంది.

"ఏమ్మే, వైశాఖ పున్నమికి మేమొస్తే మీ పాలెంలో తలదాచుకోను చోటుందా?"

ఆమె నోరు తెరిచి చూసింది. "ఏం పనుండి వస్తారు పెద్దమ్మా?"

"స్నానానికి."

"మాఘంలో గదా జనం వస్తారు. ఎండాకాలం ఎవరొస్తారు? మాఘానికి రాండి, అంగళ్ళు కూడా పెడతారు."

"మాఘానికి ఈళ్ళిద్దరూ ఊరికే ఉంటారని నువ్వు రాసిస్తావా?" అంది మా అత్త మమ్మల్ని చూపించి. పట్టపామె విరగబడి నవ్వింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

చోటుంది, గుడిసె ముందర తాటాకుల పందిరి ఉంది, వచ్చి పడుకోండి అంది. ఏమి ఇవ్వమంటావంటే బియ్యం వద్దు, డబ్బులు వద్దు, ఎద్దులకు తెచ్చే గడ్డిలో నాలుగు మోపులు ఎక్కువ వేసుకు రాండి, మా మేకకు కావాలి అంది. మా ఇంట్లో గడ్డికి కొదవా? ఆ బేరం కుదిరాక మా అత్త ముఖం చూడాలి. బియ్యం మనవి, నిమ్మకాయ ఊరగాయ మనది, బండి మనది, ఎద్దులు మనవి, గడ్డి మనది. చేపలు ఆమె ఇస్తుంది. సముద్రం ఎవరిదీ కాదు. చేతి నుంచి కాసు జారకుండా ఇంటిల్లిపాదీ పోయి రావచ్చు.

ఇక రోజు కుదరాలి. నాకు పంచాంగం చదవడం రాదు. మా అత్తకూ రాదు. కానీ ఆమె పంచాంగం ఒకటి ఉండేది. వెనక వసారాలో గోడ మీద, మేము నెలనెలా బయట కూర్చున్నప్పుడల్లా చుక్క పెట్టేది. అక్కకు సున్నంతో తెల్లచుక్క, నాకు ఎర్రమన్నుతో ఎర్రచుక్క. చుక్క పక్కన వెన్నెల పెరుగుతుంటే ఒక రకం గీత, తరుగుతుంటే ఇంకొక రకం గీత. ఆ గోడ నాకు చదవడం వచ్చు. పున్నమి రోజుకు అక్క బయట ఉండకూడదు, నేను బయట ఉండకూడదు, ఇద్దరం కడుపుతో ఉండకూడదు. మా అత్త గోడ ముందు నిలబడి వేళ్ళు మడిచి, తెరిచి, మళ్ళీ మడిచి, వైశాఖ పున్నమికి అన్నీ కుదిరాయని తేల్చింది. పున్నమికి పదిరోజుల ముందు నా ఎర్రచుక్క పడుతుంది, అయిపోతుంది. అక్కది పున్నమి దాటిన వారానికి.

నా చుక్క పడలేదు.

ఒకరోజు చూశాను, రెండు రోజులు చూశాను. మూడో రోజు పొద్దున దోసెపిండి వాసనకు కడుపులో తిప్పింది. అప్పటికి ముగ్గుర్ని కన్నదాన్ని, నాకు తెలియదా? తెలిసింది. కొట్లోకి పోయి వడ్లబస్తా మీద కూర్చున్నాను. సంతోషపడాల్సిన విషయం. పడలేదు, దాచుకోవడమెందుకు. ఈ మాట చెబితే బండి ఆగిపోతుంది. నేను పోను, ఆయన పోడు, ఎద్దులు తోలేది ఆయనే. ఈ బిడ్డ పుట్టి పాలు మానేలోపు అక్కకు వస్తుంది. ఇంకో ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో మళ్ళీ ఒక పున్నమి కుదురుతుందని ఎవరు చెప్పగలరు?

నాలుగో రోజు మా అత్త గోడ దగ్గర నిలబడి "ఏమ్మే, నీది ఇంకా పడలేదే?" అంది.

నేను చేతిలో చెంబు అక్కడే పెట్టేసి "ఇప్పుడే అత్తా" అని చాప తీసుకుని బయటికి పోయి కూర్చున్నాను.

మూడు రోజులు కూర్చున్నాను. నాకు వేరే పళ్ళెం, వేరే చెంబు. తడవని గుడ్డలు తడిపి కంచె మీద ఆరేశాను. నాలుగో రోజు తలకు పోసుకుని లోపలికి వచ్చాను. మా అత్త నా కళ్ళముందే ఎర్రచుక్క పెట్టింది. ఆమె వేలు గోడకు తగులుతుంటే నాకు వీపు మీద చీమలు పాకినట్లయింది. అబద్ధాలు చాలా ఆడాను నా బతుకులో, గోడ మీద రాసిన అబద్ధం అదొక్కటే.

పున్నమి ఘడియలు మధ్యాహ్నం దాటాక పెడతాయని పంచాంగం చూసి అయ్యవారు చెప్పాడట. స్నానం అప్పుడే. అందుకని తొలికోడి కూయకముందే బండి కట్టాము. ఇంటికి కాపలాగా మా అత్త చెల్లెలు వచ్చింది. బండిలో గడ్డి మోపుల మీద పిలకాయలు, మేము. కింద చింతపండు పులుసన్నం కుండ, ఊరగాయ జాడీ. మా ఆయన నొగల మీద. గుంట వచ్చినప్పుడల్లా నేను కడుపు కింద చెయ్యి పెట్టుకునేదాన్ని. అక్క ఒకసారి చూసి "నొప్పా?" అంది. "ఆకలి" అన్నాను.

తోటపల్లి గూడూరులో ఎద్దులకు నీళ్ళు పెట్టాము. అక్కడినుంచి గాలి మారింది. తడిగా, ఉప్పగా, గంప తెరిచినప్పటి వాసన. తరవాత ఒక చప్పుడు మొదలైంది. వడ్లు తూర్పార పడుతున్నారా, ఈ కాలంలోనా అనుకున్నాను. పోను పోను అది ఆగదు. పిలకాయలు మాట్లాడడం మానేశారు. సరుగుడు తోపు దాటి బండి ఇసుకలో దిగబడి ఆగింది. ముందర తాటాకు గుడిసెలు, వాటి సందులో అది.

నేను చూసిన మొదటి సంగతి చెబుతాను. అది మాకంటే ఎత్తుగా ఉంది. చెరువంటే కట్ట ఎక్కి కిందికి చూస్తాము. ఇక్కడ మేము నేలమీద ఉంటే ఎదురుగా నీళ్ళు గోడలాగా లేచి ఉన్నాయి. అంత ఎత్తున ఉన్నవి మా మీదికి ఎందుకు దొర్లిరావడం లేదు? మా అత్తను అడిగాను. ఆమె "మూసుకుని దండం పెట్టుకోమ్మే" అంది.

పట్టపామె ఎదురొచ్చి గడ్డి మోపులు దించుకుంది, తాగను నీళ్ళు తెచ్చి ఇచ్చింది. సముద్రానికి పాతిక బారల దూరంలో ఇసుక చేతులతో తవ్విన చెలమలోవి. తియ్యగా ఉన్నాయి! నేను రెండోసారి తాగి చూశాను, మూడోసారి తాగి చూశాను. ఉప్పునీళ్ళ పక్కన మంచినీళ్ళు ఎట్లా దాక్కున్నాయో ఇప్పటికీ నాకు తెలియదు.

పొద్దు వాలుతుండగా స్నానానికి దిగారు. సముద్రం అప్పుడు బాగా వెనక్కి పోయి ఉంది. తడి ఇసుక గట్టిగా, అలికిన కళ్ళంలాగా ఉంది. బావ, అక్క చేతులు పట్టుకుని కొంగుముడి వేసుకుని దిగారు. మొగుడూ పెళ్ళాం అట్లా కలిసి మునిగితే సరిగంగ స్నానమంటారు, గొప్ప పుణ్యం. మా అత్త తన మూడు మునకలూ మునిగి, మోకాళ్ళ లోతులో నిలబడి మమ్మల్ని పిలిచింది.

"ఏం అబ్బయ్యా, నిలబడిపోయినావ్? పట్టుకో దాని చెయ్యి. మూడు మునకలు!"

మా ఆయన పంచె ఎగగట్టి నా చెయ్యి పట్టుకుని రెండడుగులు వేశాడు. బండిలో వస్తున్నంతసేపూ నేను ఈ చోటు దాకా ఆలోచించలేదు. చూడాలన్నంతవరకే ఆలోచించాను. ఇప్పుడు ఆయన మునిగితే? ఆ మాటలో నిజం ఎంతో నాకు తెలియదు. తెలియనిదాన్ని ఈ బిడ్డ మీద పెట్టి చూడమంటే నాకు చేతకాలేదు. ఆయన చెయ్యి రెండు చేతులా పట్టి వెనక్కి లాగాను.

"మునగబాక."

"ఏం, భయమా?"

"నాకు నెల తప్పింది."

"నువ్వు మొన్న గదా బయట..." అని ఆగిపోయాడు. నన్ను చూశాడు, సముద్రాన్ని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. "ఓరి నీ యమ్మ! నాటకమా?" అన్నాడు. కోపంగా అనలేదు. నోరు వెళ్ళబెట్టి అన్నాడు.

మా అత్త తడిచీర ఈడ్చుకుంటూ వచ్చేసింది. ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు, మేము నిలబడిన తీరు చాలు.

"మూడు దినాలు నా కళ్ళముందర కూర్చున్నావే! నీ పళ్ళెం నేనే గదంటే పెట్టినా! గోడ మీద నా చేత చుక్క పెట్టించినావే!"

"పెట్టించినా అత్తా."

"ఎందుకే?"

"చూడాలని."

"దేన్ని?"

నేను చెయ్యి చాపి చూపించాను. ఇంకేం చెప్పను? మా అత్త ఒకసారి దానివైపు తిరిగింది. తరవాత ఒడ్డున పడి ఉన్న కట్టెపుల్ల తీసి మా ఇద్దరి ముందు తడి ఇసుకలో ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీసింది.

"ఈ గీత దాటినారంటే కాళ్ళిరగ్గొడతా. ఇద్దరికీ చెబతాండా. ఈడనే కూర్చోని చూసుకో, నీ కడుపు నిండేదాకా చూసుకో."

మేము గీతకు ఇవతల కూర్చున్నాము. పట్టపామె వచ్చి నా పక్కన చతికిలబడింది. ఆమెకు మొత్తం వినబడింది.

"అక్కా," అని అడిగాను, "మీకు కడుపొస్తే మీ ఆయన సముద్రంలోకి పోడా?"

"పోకుంటే తినేదేంది తల్లీ?"

"బిడ్డలకేం కాలేదా?"

"ఏడుగురు. ఒకడు పోయినాడు. అది జొరమొచ్చి." ఇసుక పిడికిట్లోకి తీసుకుని వదిలింది. "తొమ్మిదో నెలలో కూడా నేను వలలో చేపలు ఏరినా. నడుముల్లోతు నీళ్ళల్లో. మీకుండేవి మాకు లేవు, మాకుండేవి మీకు లేవు. నన్నడిగితే నేనేం చెప్పేది?"

అంతే చెప్పింది. నేను ఆ మాట అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటూ ఉన్నాను. అంతలో ఆమె మా అత్త గీసిన గీతను చూసి "ఇది యాడ గీసింది పెద్దమ్మ?" అంది.

"ఏం?"

"పున్నమి పోటు తల్లీ. ఇప్పుడు ఎక్కుతాది."

ఎక్కడం అంటే నాకు తెలియలేదు. మా అత్తకూ తెలియదు, మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. చెరువు నీళ్ళు వానకు పెరుగుతాయి, ఎండకు తరుగుతాయి. వాన చినుకు లేకుండా ఎండాకాలం సాయంత్రం నీళ్ళు వాటంతటవి పైకి నడుచుకుంటూ వస్తాయని మాకెవరు చెప్పారు? చెరువు దగ్గర లాగే మా వాళ్ళు అన్నం కుండా, పొడి బట్టలూ నీటి అంచునే పెట్టుకున్నారు.

అల ఒకటి వచ్చి గీతకు జానెడు దూరంలో ఆగి, ఆలోచించినట్టు ఆగి, వెనక్కి పోయింది. నేను లేచి నిలబడి వంగి చూస్తున్నాను. రెండోది గీతను నాకింది. మూడోది వచ్చింది చూడండి, గీతా లేదు, ఏమీ లేదు, నా కాళ్ళు మడమల దాకా మునిగాయి. వెచ్చగా ఉన్నాయి నీళ్ళు! చల్లగా ఉంటాయనుకున్నాను. పోతూ పోతూ నా కాళ్ళ కింది ఇసుకను కూడా లాక్కుపోయింది. నేను కదలకుండానే ముందుకు జారినట్టయింది.

మా ఆయన సంగతి అడగండి. అల వస్తుంటే ఆరడుగుల మనిషి పంచె రెండు చేతులా ఎత్తి పట్టుకుని "అమ్మా! అమ్మా!" అని కేకలు పెడుతూ సరుగుడు తోపు వైపు పరుగో పరుగు. పాలెంలో జనమంతా బయటికి వచ్చి చూశారు. బావ నీళ్ళలోనే కూలబడి నవ్వాడు. "పరిగెత్తు రా అబ్బయ్యా, ఎనకనే వస్తాండాది!" అని పట్టపామె కేకేసింది. అన్నం కుండ తేలుతూ పోతుంటే అక్క దాని వెంట పడింది. ఆయన ఈ కథ చెప్పనివ్వనిది ఇందుకే.

మా అత్త మాత్రం నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి నా కాళ్ళవైపు చూస్తూ నిలబడింది.

"నేను దాటలేదత్తా."

"చూసినాలే. అదే వచ్చింది."

ఆ మాట ఆమె నాతో అన్నదో తనలో తాను అనుకున్నదో తెలియదు. ఇంకో అల వచ్చి ఇద్దరి కాళ్ళూ తడిపింది. ఆమె నన్ను వెనక్కి పొమ్మనలేదు. నా జబ్బ పట్టుకుంది, పడిపోతానని కాబోలు. ఆమే పడిపోతుందని కూడా అయి ఉండొచ్చు.

రాత్రి పందిరి కింద చేపల పులుసు తిని పడుకుని, తెల్లవారగానే బయలుదేరాము. నేను పోయేముందు ఒకసారి చూసి వచ్చాను. నీళ్ళు రాత్రి గుడిసెల దాకా వచ్చిన గుర్తులున్నాయి.

ఆ కడుపున ఆడపిల్ల పుట్టింది. బాగానే పుట్టింది, ఇప్పటికీ బాగానే ఉంది. అయినా ఆ తొమ్మిది నెలలూ మా అత్త నా వెంటే తిరిగింది. కాన్పు అయ్యేదాకా నాకు భయం లేదని అబద్ధం చెప్పను.

బండిలో తిరిగి వచ్చేటప్పుడు తోటపల్లి గూడూరు దాకా మా అత్త నాతో మాట్లాడలేదు. మా ఆయన కూడా ఎద్దులతోనే మాట్లాడాడు. ఊరు దాటాక ఆమె ఉన్నట్టుండి నావైపు తిరిగింది.

"ఏమ్మే. నేను మునిగేటప్పుడు ఎట్టుండె అది?"

"నువ్వు చూడలేదా అత్తా?"

"యాడ చూసేది? కళ్ళు మూసుకోని, ముక్కు పట్టుకోని, మూడు మునకలు మునిగి లేచేసరికి కళ్ళల్లో ఉప్పు. ఆనక నీ గొడవ."

"నేనూ కళ్ళు తెరవలేదు" అంది అక్క.

"నేను తెరిచినా, కుండే కనపడింది" అన్నాడు బావ వెనకనుంచి.

నేను చెప్పడం మొదలుపెట్టాను. దూరంగా నల్లగా, దగ్గరికి వస్తే ఆకుపచ్చగా, పగిలేటప్పుడు తెల్లగా ఉందని చెప్పాను. అల లేచినప్పుడు దాని పొట్టలోంచి వెలుగు కనపడిందనీ, ఒక చేప అడ్డంగా పోవడం కూడా కనపడిందనీ చెప్పాను. మా అత్త "చేపా? అలలోనా?" అని నా దాకా జరిగి వచ్చింది. "ఎంతది?" అంది. చేతితో చూపించాను. "ఇంకొకసారి మొదట్నుంచి చెప్పు" అంది. మా ఆయన ఎద్దుల్ని అదిలించడం మానేసి, తాళ్ళు వదులు చేసి, ఇటు తిరగకుండానే వింటున్నాడు.